నడుముకు రెండు కొక్కేలు

నా మెడలో ఇంత బరువు దండ వేసి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్న అధ్యక్షులు, మన జనరల్ మేనేజరు ప్రసాదుగారికి, కృష్ణగిరి నుంచి బస్సులో నిలబడి వచ్చినా ముఖంలో విసుగు కనపడనివ్వని తనిఖీ అధికారిగారికి, యూనియన్ పెద్దలకు, ప్రెస్ షాపు మొదలుకొని గంటలు మోగించి చూసే గది దాకా, ఈ రోజు చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కూర్చున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, మొదటి వరసలో కూర్చుని "ఊరికే సాగదీయొద్దు" అని కళ్ళతోనే చెబుతున్న మా ఇంటావిడ మునిలక్ష్మమ్మకు కూడా, ఫోర్‌మన్ రామచంద్రప్ప నమస్కారాలు. (నవ్వులు)

రిటైర్మెంటుకని మీరు నాకు ఇచ్చిన బహుమతి చూశాను. మన కంపెనీ సైకిలు గంటే, కాకపోతే ప్రత్యేకంగా రెండు పూతలు వేసి, అద్దంలా మెరిపించి, పెట్టెలో పెట్టి ఇచ్చారు. చాలా సంతోషం. నాకు సైకిలు లేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. (నవ్వులు) పరవాలేదు, గంట ఉంటే చాలు, సైకిలు వెనకనుంచి వస్తుందిలే అనుకుంటాను. ఈ హోసూరులో చలికాలం పొద్దున మంచు దిగినప్పుడు మనం చూసేది కూడా అంతే కదా, ముందు గంట వినిపిస్తుంది, చాలాసేపటికి గాని సైకిలు కనిపించదు, దాని మీద మనిషి ఇంకా తర్వాత.

డెబ్బై ఆరులో నేను ఈ కంపెనీలో చేరిన పొద్దు కూడా అలాంటి మంచే. వేప్పనపల్లి పక్క మామిడితోటల మధ్య పుట్టినవాణ్ణి, బెంగళూరులో ఒక మిషను షాపులో చాలా ఏళ్ళు చేసి, సొంత సీమకు దగ్గరగా ఉందాం అని ఇక్కడికి వచ్చాను. బస్సు దిగితే కంపెనీ కనపడలేదు, షెడ్డు కనపడలేదు, ఆ తెల్లటి దాంట్లో ఎక్కడో గంటలు మాత్రం మోగుతున్నాయి. గొర్రెల మందేదో పోతోందనుకుని దారి ఇచ్చి పక్కకు జరిగి నిలబడ్డాను. ఎంతసేపటికీ మంద రాలేదు. అది మన పరీక్ష గది అని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు మంద గంటలూ, మన గంటలూ విడివిడిగా వినపడనే లేదంటే మీరు నమ్మాలి.

ఈ మధ్య నాకు ఒక కల వస్తోంది. చెబితే నవ్వుతారు, నవ్వండి, పరవాలేదు. కెలవరపల్లి దగ్గర ఏటి గట్టున పచ్చిక. అందులో రేకు నొక్కే మన ప్రెస్సులన్నీ మేస్తున్నాయి. పునాది బోల్టులు ఊడదీసుకుని, మెడకొక గంట కట్టుకుని, తలలు వంచుకుని నిదానంగా, ఏ తొందరా లేకుండా మేస్తున్నాయి. వాటి వెనక నేను ఉన్నాను. నా చేతిలో ఏమీ లేదు. కలలో నాకు భయం లేదు గాని, ఏదో మరిచి వచ్చానని మాత్రం అనిపిస్తూ ఉంటుంది. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు ఆ పచ్చిక వాసన గదిలోనే ఉంటుంది.

ఆ కలలో ప్రెస్సులు గొర్రెల్లా ఎందుకు మేస్తున్నాయో చెప్పాలంటే మన కేశవప్ప సంగతి చెప్పాలి. అదిగో, మూడో వరసలో చివర కూర్చున్నాడు. ఏమప్పా కేశవప్పా, చెప్పేదా? (కేశవప్ప తల ఊపారు) పొద్దున అడిగితే "బాగైనాక చెప్పొచ్చున్నా, బాగు కాకముందే చెప్పకూడదు" అన్నాడు. ఆ మాటలోనే అంతా ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

కేశవప్పది గొర్రెలు కాసే ఇల్లు. వాళ్ళ నాయన ఇప్పటికీ ఏటి గట్టున మంద తోలుతున్నాడు. మన కంపెనీ వచ్చిన కొత్తలో ఆ ఊళ్ళ నుంచి కర్ర పక్కన పెట్టి వచ్చిన పిల్లల్లో కేశవప్ప, ముత్తప్ప, రామప్ప ముగ్గురూ ఉన్నారు. ముగ్గురినీ ప్రెస్ షాపులో ఒకే వరసలో వేశాను. ప్రెస్సు సంగతి తెలియని అతిథుల కోసం ఒక్క మాట చెబుతాను. రేకు బిళ్ళ అచ్చులో పెట్టి, కాలితో పెడలు తొక్కితే, పైనుంచి దిమ్మ దిగి గంట గిన్నె తయారవుతుంది. ఆ గిన్నెను చేత్తో తీయకూడదు, వేళ్ళు పోతాయి. దాన్ని లాగడానికి ఒక ఇనుప కొక్కెం ఉంటుంది, మోచేతి పొడుగు. ప్రెస్సు మనిషి దాన్ని నడుముకు తగిలించుకుని తిరుగుతాడు, అన్నం తినేటప్పుడు కూడా విప్పడు. ఒకడి కొక్కెం ఇంకొకడు ముట్టుకోడు.

చేరిన కొన్నేళ్ళకు, ఒక వానాకాలం మొదట్లో కేశవప్ప మారిపోయాడు. ఇంట్లో చావు లేదు, జబ్బు లేదు, పెళ్ళాంతో గొడవ లేదు. వచ్చేవాడు, నిలబడేవాడు, ఎదురుగా ఉన్న మనిషిని కాక మనిషి వెనక ఉన్నదేదో చూసేవాడు. నేను ఒకరోజు భుజం మీద చెయ్యి వేసి అడిగితే, "నాకేమీ కాలేదున్నా. లోపల దీపం వత్తి ఎవరో తగ్గించిపెట్టినారు, అంతే" అన్నాడు. ఇంతకాలం యంత్రాల మధ్య బతికినవాణ్ణి. అలాంటి మనిషిని ప్రెస్సు ముందు నిలబెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క క్షణం మనసు ఎటో పోతే చెయ్యి పోతుంది.

భయంతో ఆ వరసను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. చూస్తే విచిత్రం. కేశవప్ప ప్రెస్సు తొక్కడం లేదు. గుడ్డముక్క పట్టుకుని పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్నాడు. ముత్తప్ప అన్నం వేళ సగంలో లేచి వచ్చి ఆ ప్రెస్సు తొక్కుతున్నాడు, టీ వేళ రామప్ప తొక్కుతున్నాడు. సాయంత్రానికి మూడు ప్రెస్సుల పనీ పూర్తిగా ఉంది. కేశవప్ప నడుముకు కొక్కెం లేదు. ముత్తప్ప నడుముకు రెండు కొక్కేలు ఉన్నాయి.

ఏమిరా ఇది అని అడిగాను. రామప్ప బూట్లు చూసుకున్నాడు. ముత్తప్ప "ఏమీ లేదున్నా, ఊరికే" అన్నాడు. ఏమప్పా ముత్తప్పా, ఇప్పుడు నవ్వేవా? ఆ పొద్దు నీ నోట్లోంచి ఒక్క మాట రాబట్టలేక సచ్చినాను కదప్పా! (నవ్వులు)

ఈ విషయం అప్పటి ప్రొడక్షన్ మేనేజరుగారి చెవిన పడింది. ఆ మేనేజరు ఎవరో ఇప్పుడు ఫ్యాను వైపు చూస్తున్నవారిని అడగండి. (నవ్వులు, అధ్యక్షులు కూడా నవ్వారు) అప్పటికి ప్రసాదుగారు కృష్ణాతీరం నుంచి కొత్తగా వచ్చారు. కుర్రతనం, చురుకు, నిప్పులాంటి నిజాయితీ. మాట్లాడేదీ తెలుగే గాని వారి వేగం మాకు అందేది కాదు, మా యాస వారికి అందేది కాదు, మధ్యలో నేను తెలుగు నుంచి తెలుగుకు తర్జుమా చేసేవాణ్ణి. వారికి కనిపించింది వేరు. ఒకడి పని ఇద్దరు చేస్తున్నారు, ముగ్గురూ నోరు విప్పడం లేదు, అంటే ఇదేదో దొంగ హాజరు వ్యవహారం. "తప్పు లేకపోతే చెప్పడానికేం? ఎల్లుండి నుంచి ముగ్గురూ గేటు బయటే" అన్నారు. వారి జాగాలో ఎవరున్నా అలాగే అనేవారు.

ముగ్గురి కూడు పోయేటట్టుంది, ఆ ముగ్గురేమో బండల్లా నిలబడ్డారు. మర్నాడు కేశవప్ప పెళ్ళాం నంజమ్మ, మొగుడికి అన్నం గిన్నె తెచ్చి గేటు దగ్గర కనపడితే, చెట్టు కిందకు పిలిచి సంగతి చెప్పాను. ఆమె గిన్నె మూత సర్దింది. తర్వాత అంది: "మా మందల్లో ఇట్లనే సామీ. ఒకరికి మనసు మబ్బు పట్టిందంటే, పక్కన మేపేవాళ్ళు ఆయప్ప మందను తమ మందలో కలుపుకొంటారు. చేతిలో కర్ర కూడా తీసేసుకొంటారు. ఆయప్ప ఉత్త చేతుల్తో వెనకనే నడస్తాడు. ఏమైందని అడగరు, పాపమని అనరు. ఆ మబ్బు పేరెత్తితే అది ఆడనే కూసుంటుందంట. ఎవురితోనూ చెప్పరు, మందగలాయనతో కూడా చెప్పరు."

"మరి కర్ర తిరిగి ఎప్పుడు ఇస్తారు తల్లీ?" అన్నాను.

"ఇయ్యరు సామీ. ఆయప్పే వచ్చి తీసుకోవల్ల. అడక్కూడదు, ఇయ్యకూడదు. తీసుకొన్న పొద్దు బాగైనట్లు."

అప్పుడు అర్థమైంది. వాళ్ళు ప్రెస్సును కూడా మందలో కలుపుకున్నారు. మందల్లో ఆ మౌనం మనిషిని కాపాడేది, కంపెనీలో అదే మౌనం దొంగతనంలా కనపడింది. ఏటి గట్టున తప్పు కానిది గేటు లోపల తప్పవుతుందని ఆ పిల్లలకు తట్టలేదు. నంజమ్మ చెప్పినదంతా మేనేజరుగారి గదిలో చెప్పాను. "ఇది ఫ్యాక్టరీనా, పచ్చికబయలా?" అన్నారు. "తెలియదు సార్, మంచు పట్టినప్పుడు నాకు తేడా తెలియదు" అన్నాను. ఆ జవాబుతో నా ఉద్యోగం కూడా పోయిందనే అనుకున్నాను.

వారు లేచి టీ వేళకు స్వయంగా వచ్చారు. షెడ్డు వెనక కానుగ చెట్టు కింద మన నాపబండ ఉంది కదా, దాని మీద కేశవప్ప కూర్చుని ఉన్నాడు. పూత వేయని గంట గిన్నె ఒకటి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పూలు రాలుతున్నాయి. "ఏం వినపడుతోంది?" అని ప్రసాదుగారు గట్టిగానే అడిగారు. కేశవప్ప కళ్ళు తెరిచి, "ఏమీ వినపళ్ళేదు సార్. దానికే పెట్టుకొన్నా" అని, ఆ గిన్నె వారి చేతికి ఇచ్చాడు.

తర్వాత సంగతి చెప్పడానికి నాకు అధ్యక్షులవారి అనుమతి కావాలి. సార్? (అధ్యక్షులు చెయ్యి ఊపి, చెప్పమన్నారు) వారు గిన్నెను చెవికి పెట్టుకున్నారు. కాసేపటికి బండ మీద ఆ పక్కన కూర్చున్నారు. షెడ్డులో దిమ్మలు దిగే చప్పుడు ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుంది, కానుగ పూలు ఇద్దరి తలల మీదా ఒకే తీరుగా పడుతున్నాయి, వారి కోసం తెచ్చిన టీ నా చేతిలోనే చల్లారిపోయింది. ఇంటి నుంచి అంత దూరంలో, క్వార్టర్సులో ఒంటరిగా, మాట కలిసే మనిషి లేక, రోజూ గది తలుపు వేసుకుని అన్నం తినే మనిషి వారు. వారి లోపల కూడా వత్తి తగ్గి ఉందని నాకు తెలియదు, కేశవప్పకు తెలుసేమో నేను చెప్పలేను. లేచి వస్తూ నాతో అన్న మాట ఒక్కటే. "రామచంద్రప్పగారూ, ముగ్గురూ లోపలే ఉంటారు." మర్నాడు టీ వేళకు వారు తమంతట తామే ఆ బండ దగ్గరికి వచ్చారు. (దీర్ఘ చప్పట్లు)

మంద కలుపుకుంటే జబ్బు నయమవుతుందని నేను చెప్పడం లేదు. ప్రసాదుగారే తమ జీపు ఇచ్చి, నంజమ్మను తోడు పెట్టి, కేశవప్పను బెంగళూరు పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. మాత్రలు వాడాడు, చాలాకాలం వాడాడు. ఆ డాక్టరు పేరు చెబితే పిచ్చాసుపత్రి అని ఎగతాళి చేసేవాళ్ళు ఉంటారని నంజమ్మ భయపడింది. మన షాపులో ఒక్కరూ చెయ్యలేదు. మందు డాక్టరు ఇచ్చాడు, మందు పనిచేసేదాకా నిలబడడానికి జాగా వీళ్ళు ఇచ్చారు. రెండూ కావాలి. ఒకటి ఉండి ఇంకొకటి లేక పాడైపోయినవాళ్ళను బెంగళూరులో చూశాను, వాళ్ళ ముఖాలు ఇప్పటికీ నాకు కనపడుతుంటాయి.

మరుసటి ఏడు, మామిడికాయల లారీలు కృష్ణగిరి రోడ్డు పట్టే రోజులు. ఒక పొద్దున కేశవప్ప వచ్చి, ఎవరితో ఏమీ అనకుండా, ముత్తప్ప నడుము నుంచి తన కొక్కెం తీసుకుని తగిలించుకున్నాడు. ముత్తప్ప తల తిప్పి కూడా చూడలేదు, పెడలు తొక్కుతూనే ఉన్నాడు. కాకపోతే కళ్ళలో నీళ్ళు. ఏమప్పా, నూనె చిట్లిందంటివే ఆ పొద్దు? (నవ్వులు) నేను షెడ్డు వెనక్కి పోయి ఆ బండ మీద కూర్చున్నాను. నాకూ నూనె చిట్లింది.

ఆ తర్వాత ఈ మంద కలుపుకోవడం ప్రెస్ షాపు దాటింది. గొర్రెల ముఖం చూడని వాళ్ళు కూడా, గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు, కడప నుంచి వచ్చినవాళ్ళు నేర్చుకున్నారు. ఆడవాళ్ళు గంటలు బిగించే విభాగంలో గంగక్క అయితే అవసరం ఉన్నా లేకపోయినా అందరి మందలూ కలుపుకుంటానంటుంది. (నవ్వులు) దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, రాయొద్దని నేనే అన్నాను. రాస్తే దానికి పేరు పెట్టాలి కదా.

ఇప్పుడు నా మనసులో గుచ్చుకుంటున్న మాట. వచ్చే నెల నుంచి ప్రతి ప్రెస్సుకూ ఒక మీటరు బిగిస్తున్నారు. ఏ మనిషి ఎన్ని గిన్నెలు తీశాడో అదే లెక్కపెడుతుంది. ప్రతి విభాగంలోనూ అంతే. మీటరు మీద నాకు కోపం లేదు, మంచి మీటరే, దాన్ని బిగించే చోటు నేనే చూపించాను. అయితే దానికి మనిషి ఒక్కడే కనపడతాడు, వరస కనపడదు. ఒకరి గిన్నె ఇంకొకరు తీస్తే దానికి తప్పులెక్క. ఈ హాలులో, ఈ సాయంత్రం, ఉత్త చేతులతో నడుస్తున్న మనిషి ఒకరు ఉన్నారు. పేరు చెప్పను. మీరు కూడా అటూ ఇటూ తిరిగి చూడొద్దు. ఆ మనిషికి ఇంకొంతకాలం కావాలి. వచ్చే నెల దాకా చాలదు. నేను రేపటి నుంచి ఉండను. ఇన్నాళ్ళూ ఎవరేమి అడిగినా నేను అడ్డం నిలబడ్డాను, ఇక ఆ జాగా ఖాళీ. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టనిది దానికే.

నిద్ర అన్నాను కనక, దాచకుండా చెప్పేస్తాను. రిటైర్మెంటు దగ్గర పడేకొద్దీ నాకూ మబ్బు పట్టింది. అన్నం రుచి తెలియడం లేదు. ఇంట్లో కూర్చుంటే ప్రెస్సుల చప్పుడు వినపడి లేచి నిలబడుతున్నాను. "అన్నం ముందర కూసోని యాడికి పోయినావు?" అని మునిలక్ష్మమ్మ అడుగుతుంది. ఫోర్‌మన్‌ని కదా, పదిమందికి ధైర్యం చెప్పేవాణ్ణి కదా, ఎలా చెప్పుకుంటాను? షాపులో నవ్వుతూనే తిరిగాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

ఈ పొద్దున చివరిసారి వరస చూసి పోదామని వచ్చాను. నా పాత కొక్కెం ఒకటి, బెంగళూరు నుంచి తెచ్చుకున్నది, నా బల్ల పక్కన మేకుకు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుందని మీకందరికీ తెలుసు. ఇంటికి తీసుకుపోదామని చెయ్యి చాపితే మేకు ఉత్తదిగా ఉంది. బల్ల కింద వెతికాను, పీపాల వెనక వెతికాను. తల ఎత్తి చూస్తే కేశవప్ప తన ప్రెస్సు ముందు నిలబడి పని చేసుకుంటున్నాడు. నా వైపు చూడడం లేదు. అతని నడుముకు రెండు కొక్కేలు ఉన్నాయి.



నేను అడగలేదు. అడక్కూడదు.

సార్, ప్రసాదుగారూ, ఇప్పుడు కూడా ఆ రెండూ అతని నడుముకే ఉన్నాయి, కావాలంటే చూడండి. ఆ రెండో కొక్కేన్ని మీ మీటరు ఎవరి పేరున లెక్కవేస్తుందో నాకు అర్థం కావడం లేదు. చేతనైతే ఆ మీటరును మనిషికి కాకుండా వరసకు బిగించండి. అతిథుల ముందు మిమ్మల్ని ఇరకాటంలో పెట్టినందుకు కోప్పడొద్దు, నాకు ఇంక వేరే రోజు లేదు.

(అధ్యక్షులు ప్రసాదుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వరసకొక మీటరే రామచంద్రప్పగారూ. ఆ బండ కూడా అక్కడే ఉంటుంది" అన్నారు. చాలాసేపు చప్పట్లు)

చాలు సార్. నేను ఇంటికి బరువు లేకుండా పోతాను.

ఇక వచ్చినవారందరికీ కృతజ్ఞతలు చెప్పాలి. అధ్యక్షులకు, అధికారిగారికి, దండలు కట్టిన వరమ్మకు, ఇంతసేపు కదలకుండా విన్న మీకందరికీ, నా మాటలు ఆపడానికి ప్రయత్నించి విరమించుకున్న మా ఇంటావిడకు. గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ మునెప్పకు ఒక్క మనవి. అప్పా మునెప్పా, ఏదో ఒక పొద్దు, మంచులో, సైకిలు లేకుండా ఉత్త గంట మోగితే అది నేనే. పాసు అడగొద్దు. లోపలికి పోయి, ఎవరితో ఏమీ అనకుండా, నాది ఒకటి తీసుకుని వెళ్ళిపోతాను. ఎప్పుడొస్తానో ఇప్పుడు చెప్పలేను. అప్పటిదాకా మీ మంద వెనకనే నడుస్తూ ఉంటాను.

కేశవప్పా, జాగ్రత్తప్పా. అది పాతది, పిడి కొంచెం వదులు.

సెలవు.